లాభం, రెండు

ఆమదాలవలస స్టేషను మెట్ల కింద
చెప్పులు కుట్టే తవుడు
కప్పల్ని కూడా కుడతాడు.

అరిగిన హవాయి చెప్పు మడమ ఒకటి,
సైకిలు ట్యూబు చీల్చిన కాళ్లు రెండు,
బోర్లా పడకుండా పొట్ట కింద సీసం గుండు.
జంట గేలం కొసలు రెండూ
వీపుకి ఆనించి కడతాడు.
నాచు మీద జారాలి,
నాచుని కరవకూడదు.
కళ్లు మాత్రం పెట్టడు.
"సూసేది ఇది కాదు బావూ,
దీన్ని సూసేది కింద ఉంటాది."

పొందూరు దాటాక మా గేటు.
గేటుకి అటు, రైలుకట్ట కోసం
ఎప్పుడో మట్టి తవ్విన గోతులు.
గోతులు నీళ్లయ్యాయి,
ఆ నీళ్లూ ఇప్పుడు కనబడవు.
గుర్రపుడెక్క, అంతరతామర, జడలు కట్టిన నాచు.
మేకపిల్ల నడిచి దాటేస్తుందేమో అన్నంత పచ్చ.
అక్కడక్కడ ఒక బుడగ.
కింద కొర్రమట్ట ఊపిరి మింగి వెళ్లిన జాడ.

రాత్రి డ్యూటీ దిగి
ఎర్రజెండా పచ్చజెండా ఒకే చుట్టగా చుట్టి
వెదురు గెడ తీసుకుంటాను.
ఆదివారం తవుడు కూడా వస్తాడు,
ఒడ్డున గొంతుక్కూర్చుని బీడీ వెలిగించుకుంటాడు.
"నీట్లో కాదు, ఆకు మీద ఎయ్యి.
కప్ప ముందు కూకుంటాది.
తరవాత ఆలోసిస్తాది.
తరవాత గెంతుతాది.
నీకేటి తొందర?"

వేశాను. కూర్చోబెట్టాను. గెంతించాను.
పచ్చదనం కింద నించి ఉబ్బింది,
ఎవరో భుజంతో తలుపు తోసినట్టు.
గబుక్కుమని ఒక్క చప్పుడు.
కప్ప ఉన్న చోట
పళ్లెమంత నల్లనీరు.
లాగేశాను.
చెప్పుముక్క గాల్లో ఎగిరొచ్చి
నా గుండెల మీద తడిగా కొట్టుకుంది.

తవుడు నవ్వి నవ్వి దగ్గాడు.
"నోట్లో ఎట్టుకోనీ బావూ!
లాభం... రెండు... అప్పుడు లాగు."
చిన్నప్పుడు కళ్లాల్లో ధాన్యం కొలిచిన నోరు,
ఇప్పటికీ ఒకటి అనదు.

నా చేతికేమో అది రాదు.
మేష్టారి ఫోను మోగిందంటే
క్షణంలో గేటు పడాలి.
పదకొండేళ్లుగా చేతికి నేర్పింది అదే.
రెండు అంకెల ఆలస్యం నేర్చుకోడానికి
ఒక ఎండాకాలం పట్టింది.

ఆషాఢంలో, ముసురు పట్టిన పొద్దున,
మూడో గోతిలో పడింది.
లాభం అన్నాను. రెండు అన్నాను.
గెడ విల్లయింది.
నాచు బరువంతా తలకి చుట్టుకుని
గడ్డిమోపులా ఒడ్డెక్కింది.
కిలోంపావు.
తడిగోనెలో, గేటు గదిలో,
రెండు గూడ్సు బళ్లు దాటిపోయేదాకా
బతికే ఉంది.

సాయంత్రం తవుడికి చూపించాను.
పొగుడుతాడనుకున్నాను.
"నీళ్ల మీద ఎర్రగా ఏటైనా కనబడిందేటి?"
కనబడింది.
కుంకం భరిణి ఒలికినట్టు
అరచెయ్యంత ఎరుపు, కదులుతూ.
అందంగా ఉందని
కప్పని దాని పక్కకే వేశాను.

తవుడు ఆరె మొన నూనెలో ముంచాడు.
ఒక చెప్పు పట్టీ కుట్టడం అయిపోయేదాకా
తల ఎత్తలేదు.
"పిల్లలవి.
నీ కప్ప మీదకొచ్చింది ఆకలికి కాదు,
కోపానికొచ్చింది."

మర్నాడు వెళ్లాను.
ఎరుపు తమలపాకంత అయింది.
నాచు మీద నాలుగు కొంగలు
ఆకు వేసి కూర్చోబెట్టిన చుట్టాల్లా ఉన్నాయి.
రాయి విసిరాను. లేచాయి.
రైలొచ్చింది, గేటు వెయ్యడానికి పరిగెత్తాను.
తిరిగొచ్చేసరికి మళ్లీ దిగాయి.
మూడో రోజు
అంతా పచ్చగా ఉంది.

చేపని అమ్మలేదు, తిన్నాం.
ముళ్లు తక్కువ, రుచి ఉంది.
అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇప్పటికీ వెళ్తాను.
పచ్చదనం ఉబ్బినప్పుడు లాభం అంటాను.
రెండు అనేలోగా
చుట్టూ ఎరుపు కోసం వెతుకుతాను.
ఆ వెతుకులాటలో చాలా చేపలు పోయాయి,
కప్పలు మూడు పోయాయి.

నాలుగోది నిన్న కుట్టించుకున్నాను.
ఈసారి దానికి కళ్లు పెట్టాడు తవుడు,
రెండు ఎర్రపూసలు.
ఎందుకని నేనడగలేదు.
పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.